ఇంటి గడప లోపలి సంగతులు

ధ్యాన భాగములు: యెషయా 39వ అధ్యాయము, ద్వితీయోపదేశకాండము 24:10, 11



హిజ్కియా రాజు మంచివాడు. యూదా రాజులలో అతనివలె దేవుని ఆశ్రయించినవారు అరుదు. శత్రురాజు పంపిన బెదిరింపు పత్రికను మందిరమునకు తీసికొనిపోయి దేవుని యెదుట పరచి ప్రార్థించినవాడు. మరణకరమైన రోగములో కన్నీటితో మొఱ్ఱపెట్టి పదునైదు సంవత్సరముల ఆయుష్షు పొందినవాడు. అట్టివాడు ఒక చిన్న సంగతిలో జారెను. అతడు రోగమునుండి లేచెనని విని బబులోను రాజైన మెరోదక్బలదాను దూతలచేత ఉత్తరములను కానుకను పంపెను. దూరదేశపు పెద్దరాజు తన ఆరోగ్యమును విచారించెనుగదా అని హిజ్కియా ఉప్పొంగిపోయెను. వచ్చినవారిని లోనికి పిలిచి వెండి బంగారములు, సుగంధద్రవ్యములు, తైలము, ఆయుధశాల, కొట్లలోని సమస్తమును చూపెను. చూపక విడిచినది ఒక్కటియు లేదు.

వారు వెళ్ళిన పిమ్మట యెషయా ప్రవక్త వచ్చి, వారి మాట ఏమనియు, వారి ఊరు ఏదనియు, ఇంటిలో వారి కంట పడినదేమనియు అడిగెను. రెండు ప్రశ్నలకు రాజు జవాబిచ్చెను. వారు ఏమి మాటలాడిరను మొదటి ప్రశ్నకు అతడు జవాబు చెప్పినట్టు గ్రంథములో లేదు. ఆ కానుక సంతోషములో వారి మాటలు అతని చెవికి ఎక్కినవో లేదో!

ప్రియులారా, ఈ భాగమును ఈ నెల ధ్యానమునకు తీసికొనుటకు కారణము మన ఇండ్లలోనికి వచ్చుచున్న స్మార్ట్ టెలివిజనులు. మన తీరమున, రొయ్యల గుంటల కావలివారి ఇండ్లు మొదలుకొని పట్టపువారి పల్లెల వరకు, వాయిదాల మీద తెచ్చుకొనిన పెద్ద తెరలు గోడలమీద వ్రేలాడుచున్నవి. నేను టెలివిజనుకు శత్రువును కాను. మా ఇంటను ఒకటి కలదు. పడవ దిగివచ్చిన మనుష్యుడు కాసేపు చూచి నవ్వుకొనుటలో తప్పేమియు లేదు. అందులో ఏమి చూడవలెను, ఏమి చూడకూడదు అను ప్రసంగములు మీరు చాలా వినియున్నారు. నేటి నా ప్రసంగము అది కాదు. మనము దానిని చూచునప్పుడు అది మనలను చూచుటను గూర్చియే నేను చెప్పదలచినది.

పెద్దలు జ్ఞాపకము చేసికొందురు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపిరి. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. జనులు ఒక్కచోట గుమిగూడి సేద్యమును గూర్చియు ఆరోగ్యమును గూర్చియు చూచిరి. 1976లో దూరదర్శనులో వ్యాపార ప్రకటనలు మొదలైనవి. ఆనాటి సబ్బు ప్రకటన కరణముగారి కంటికిని కూలివాని కంటికిని ఒక్కటియే. పెట్టె మాటలాడెనుగాని, తన యెదుట కూర్చున్నది ఎవరో దానికి తెలియదు.

నేటి పెట్టెకు తెలియును. అది ఇంటర్నెట్టుతో కలిసియుండుటయే ఇందుకు మూలము. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆరంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడింటిని ఒకే తీగమీద పల్లెలకు తెచ్చినది. అది మంచి మేలే. ఐతే ఏ తీగమీద బొమ్మ లోపలికి వచ్చునో, ఆ తీగమీదనే ఇంటి సంగతి బయటికి పోవుటకును త్రోవ కలదు.

ఎట్లు పోవును? తెరమీద ఆడుచున్న బొమ్మనుండియు శబ్దమునుండియు టెలివిజను క్షణక్షణమునకు ఒక గురుతు తీయును, వ్రేలిముద్ర వంటిది. దానిని కంపెనీవారి దూరపు యంత్రమునకు పంపగా, అచ్చట దాచియుంచిన గురుతులతో సరిపోల్చి, ఈ ఇంటివారు ఇన్ని గంటలకు ఈ సినిమా చూచిరి, ఈ ప్రకటన వచ్చినప్పుడు ఛానలు మార్చిరి అని వ్రాసికొందురు. 2024లో లండను, కాలిఫోర్నియా, మాడ్రిడ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు రెండు పెద్ద కంపెనీల టెలివిజనులను పరీక్షించిరి. కంప్యూటరును తీగతో తగిలించి టెలివిజనును ఊరక తెరగా వాడినప్పుడు కూడ ఈ గురుతులు తీయుట జరుగుచున్నదని కనుగొనిరి. అమరికలలో దానిని ఆపివేసినప్పుడు పంపుట నిలిచిపోయెననియు చూచిరి. ఈ చివరి మాటను మరువకుడి. దీనిని గూర్చి ముందుకు వ్రాసెదను.

ఇది ఊహ అనుకొనకుడి. అమెరికాలో విజియో అను కంపెనీ 2014 ఫిబ్రవరి మొదలు, కొన్నవారికి తేటగా చెప్పకయే, ఒక కోటి పది లక్షల టెలివిజనుల నుండి చూపరుల సంగతులు సేకరించి ఇతరులకు అమ్మెనని అచ్చటి ప్రభుత్వ సంఘము అభియోగము తెచ్చినది. 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. దానికి ముందు 2013లో ఇంగ్లాండు దేశస్థుడొకడు తన ఎల్‌జీ టెలివిజనును పరీక్షింపగా, పెన్‌డ్రైవులో తాను పెట్టిన ఫైళ్ళ పేర్లు సహితము కంపెనీకి పోవుచుండెను. పెండ్లి వీడియోకు పెట్టిన పేరు, పిల్లల పేర్లు, ఏదైనను సరే. కంపెనీవారు తప్పును సరిదిద్దిరి. 2025 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రము సోనీ, శాంసంగ్, ఎల్‌జీ, హైసెన్స్, టీసీఎల్ అను అయిదు కంపెనీల మీద ఇదే విషయమై వ్యాజ్యము వేసినది. ఈ పేర్లలో కొన్ని మీ గోడమీద కూడ కలవు.

పెట్టె ఇంత చవుకగా ఎట్లు వచ్చుచున్నదని మీరు ఎన్నడైన తలంచితిరా? చెప్పిన విజియోకే, 2021లో ఒక మూడు నెలల లెక్కలో, పెట్టెలు అమ్మగా వచ్చిన లాభముకంటె ప్రకటనల మీదను చూపరుల సంగతుల మీదను వచ్చినది రెండింతలకు మించెను. తరువాత 2024లో వాల్‌మార్ట్ అను మహా వర్తక సంస్థ ఆ కంపెనీనే కొనివేసెను. సరకులు అమ్మువానికి, సరకులు కొనువారి ఇంటిలోని కన్ను ఎంత విలువైనదో చూడుడి. మెరోదక్బలదాను కానుక ఊరక వచ్చినది కాదు.

మా సంఘములో ఒక సహోదరి నన్ను అడిగెను, "అయ్యగారూ, మేం ఇంట్లో అనుకున్న మాటకే ఫోనులో ప్రకటన వస్తా ఉంది. టీవీ మా మాటలు వింటాదా?" అని. తెలిసినంత మట్టుకే చెప్పవలెను. భయపెట్టుట బోధకుని పని కాదు. రిమోటులో మైకు గురుతుగల మీటను నొక్కినప్పుడు మన మాట కంపెనీ యంత్రమునకు పోవును. అది దాని పని. 2015లో శాంసంగ్ వారి షరతుల పత్రములోనే, మాటతో టెలివిజనును నడుపునప్పుడు సొంత సంగతులు పలికినయెడల అవియు ఇతర సంస్థకు చేరవచ్చునని వ్రాసియుండుట లోకమంతట చర్చకు వచ్చినది. అంతేగాని రాత్రింబవళ్ళు చెవియొగ్గి వినుచున్నదని నేను చెప్పను. మనము ఏమి చూచితిమో, ఫోనులో ఏమి వెదకితిమో, ఎక్కడ తిరిగితిమో కూడబెట్టి లెక్కకట్టినవానికి మన నోటిమాట అంతగా అక్కరలేదు.

ఒక సంఘ పెద్ద ఈ సంగతులన్ని విని నవ్వెను. "మా ఇంట్లో దాచుకునేదానికి ఏముందయ్యగారూ? ఒక వల, నాలుగు కుండలు. చూస్తే చూసుకోనీండి" అనెను. ఈ మాట చాలామంది మనస్సులలో కలదు. కలిగినవారికే తలుపులు కావలెను, లేనివానికి గడప ఎందుకని.

మోషే ధర్మశాస్త్రము ఈ తలంపును ఒప్పుకొనదు. అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనుటకు అప్పుపడినవాని ఇంటిలోనికి పోరాదు. అతడు వీధిలో నిలువవలెను. అప్పుపడినవాడే లోపలినుండి వస్తువును తెచ్చి ఇయ్యవలెను. ఎంత వింతయైన ఆజ్ఞ! అప్పు న్యాయమైనదే, తాకట్టు న్యాయమైనదే. అయినను గడప దాటుట న్యాయము కాదు. లోపల ఉన్నది చిరిగిన దుప్పటి, ఖాళీ గాదె, ఆకలిగొన్న పిల్లలు కావచ్చును. ధనికుని కొట్టు సంగతి ఆ వచనములలో లేదు. పేదవాని గుడిసెకే దేవుడు గడప గీచెను. తన పేదరికమును ఎవరికి చూపవలెనో ఎవరికి చూపరాదో నిర్ణయించుకొను మర్యాద ఆ పేదవానికే ఉంచెను.

ఈ ఆజ్ఞ పాతబడినదనువారు 2022ను జ్ఞాపకము చేసికొనవలెను. ఫోనులో అప్పులిచ్చు యాప్‌లవారు అప్పు ఇచ్చుటకు ముందే ఫోనులోని బంధువుల నంబర్లను, ఫోటోలను లాగుకొనిరి. వాయిదా తప్పినప్పుడు ఆ ఫోటోలను నీచముగా మార్చి బంధువులందరికి పంపిరి. సిగ్గు భరింపలేక ప్రాణములు తీసికొన్నవారు మన రాష్ట్రములోనే కలరు. ఆ ఏడు సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చు యాప్‌లు ఫోనులోని నంబర్ల పట్టికను, ఫైళ్ళను, కాల్ వివరములను ముట్టరాదని ఆదేశించినది. అప్పిచ్చువాడు వీధిలోనే నిలువవలెనను మోషే మాటకు ఇది ఎంత దగ్గర! మా సంఘ పెద్దకు నేను ఇదే చెప్పితిని. ఆయన నవ్వు మానెను. ఆయన తమ్ముని కుమారునికి అట్టి అప్పు ఉండెనని పిమ్మట తెలిసినది.

మరియొక ప్రశ్న విశ్వాసులే వేయుదురు. దేవుడు సమస్తమును ఎరిగినవాడు గదా, 139వ కీర్తనను కంఠస్థము చేసిన మనకు ఎవరైన చూచినందున నష్టమేమి అని. దేవుడు ఎరుగుట మనలను చేసినవాని ఎరుక. వర్తకుడు ఎరుగుట మనచేత కొనిపించుటకు. పైగా సమస్తాధికారము గల ప్రభువే మన తలుపు బయట నిలిచి తట్టునని ప్రకటన గ్రంథము మూడవ అధ్యాయములో చదువుచున్నాము; తలుపు తీయుట మనకు విడిచిపెట్టెను. ప్రార్థించువాడు తలుపు మూసికొనవలెనని కొండమీద బోధించినవాడును ఆయనే. మన ఇండ్లలో గదులు తక్కువ. టెలివిజను ఉన్నచోటనే చాప పరచి కుటుంబ ప్రార్థన చేయుదుము. ఆడపిల్ల పెండ్లి మాటలు, అప్పు లెక్కలు, త్రాగుబోతైన కుమారుని గూర్చి తల్లి కన్నీరు, అన్నియు ఆ గోడ యెదుటనే. అందుచేత ప్రార్థన వేళ ఆ పెట్టెను గోడ మీటతోనే ఆర్పివేయుడని అడుగుచున్నాను. రిమోటుతో ఆర్పిన పెట్టె సగము నిద్రలోనే ఉండును.

హిజ్కియా కథలో నన్ను ఎక్కువ బాధించునది చివరి భాగము. కొట్లలోని ధనముతో పాటు అతని సంతతిలో కొందరును బబులోను నగరులో సేవకులగుదురని ప్రవక్త చెప్పగా, తన దినములలో నెమ్మది కలుగుననుకొని అతడు ఊరకుండెను. తండ్రులారా, మీకు పదునైదేండ్ల ఆయుష్షు చాలునా? పసివాడు అన్నము తినుటకు ఫోను, ఏడుపు మానుటకు టెలివిజను ఇచ్చుచున్నారు. వానికి మాటలు సరిగా రాకమునుపే వాని ఇష్టములు ఎక్కడనో వ్రాయబడుచున్నవి.

చట్టము మనకు కొంత అండగా ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారి వ్యాజ్యములో, వ్యక్తి తన సొంత సంగతులను కాపాడుకొనుట ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు ఇందుకై ఒక చట్టము చేసినది. దానికి నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన విధులకు 18 నెలల గడువు ఇచ్చిరి. మన సంగతులు అడుగువారు కారణము చెప్పి సమ్మతి అడుగవలెను. ఆ కాగితము తెలుగులో చదువుకొను అవకాశము ఇయ్యవలెను. 18 ఏండ్లలోపు పిల్లలను వెంబడించి వారికి గురిపెట్టి ప్రకటనలు వేయరాదు. ఐతే క్రొత్త పెట్టెను తెచ్చిన దినమున అంగడి కుఱ్ఱవాడు వచ్చి, తెరమీద వచ్చిన పొడవైన కాగితములన్నిటికి "ఒప్పుకొంటిని" అని టకటక నొక్కి టీ త్రాగి పోవుచున్నాడు. మనము పలహారము పెట్టి పంపుచున్నాము. సమ్మతి ఎవరిచ్చినట్లు?

ఇప్పుడు చేయవలసినది. డిష్షుతోగాని కేబులుతోగాని మాత్రమే చూచువారు టెలివిజనుకు వైఫై ఇయ్యనే వద్దు. బొమ్మకేమియు లోటు రాదు. ఇంటర్నెట్టు కావలసినవారు సెట్టింగులు తెరిచి, శాంసంగ్ అయినయెడల "వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్" అనుదానిని, ఎల్‌జీ అయినయెడల "లైవ్ ప్లస్" అనుదానిని ఆపివేయవలెను. గూగుల్ పద్ధతి మీద నడుచు పెట్టెలలో "ఆడ్స్" అను చోట మన ఇష్టములనుబట్టి ప్రకటనలు వేయుటను ఆపవచ్చును. దీనివలన ప్రకటనలు మానవు. మనలను వెంబడించుట తగ్గును.

ఇవి పెద్దవారికి కష్టమని ఎరుగుదును. కాబట్టి మన యువజన సమాజములో ఇంటర్ చదువుచున్న పిల్లలు నలుగురిని ఏర్పరచితిమి. వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత, సముద్రపు ఒడ్డు పల్లె మొదలుకొని, ఇంటింటికి వచ్చి రిమోటు మీ చేతిలోనే పెట్టి, ఏ మీట నొక్కవలెనో చూపుదురు. తలుపు తట్టి, మీరు పిలిచిన తరువాతనే లోనికి రావలెనని వారికి గట్టిగా చెప్పియున్నాను.