గురువును విడువదలచిన మనుమరాలికి



కుండపని నేర్పుచున్న ఆచార్యుని విడిచెదనని, ఎవ్వరి వెంటను నడువవలదన్న తత్త్వవేత్త కృష్ణమూర్తిగారి బోధయే అందులకు ప్రమాణమని వ్రాసితివి. మన మదనపల్లెలో జన్మించిన ఆ మహనీయులు, 1929లో హాలెండునందలి ఓమెన్‌లో, తాము అధిపతిగానున్న నక్షత్ర సంఘమును తామే రద్దుచేసి మాట నిలువబెట్టుకొన్నవారు. ఆ బోధను నేనును గౌరవింతును. అయితే దానిని నీకంటె చేరువనుండి విన్న బియాట్రిస్ ఉడ్ అను అమెరికా కళాకారిణి ఏమి చేసెనో ఆలకింపుము తల్లీ.

1893లో శాన్ ఫ్రాన్సిస్కోలో సంపన్నుల యింట పుట్టి, పారిస్‌లో చిత్రకళయు నటనయు అభ్యసించి, 1917లో న్యూయార్కున మార్సెల్ డ్యుషాఁ వంటి కళాలోకపు తిరుగుబాటుదారులతో కలిసి పత్రిక వెలువరించిన ఆమెకు, కట్టుబాట్లను ధిక్కరించుట ఒకరు నేర్పవలసిన విద్య కాదు. కృష్ణమూర్తిగారి ఉపన్యాసములకై హాలెండు వెళ్లినపుడు లోహపుతళుకు గల ఆరు పాతపళ్లెములు కొని, వానికి జోడైన టీకూజా ఎచ్చటను దొరకక, తానే చేసికొందమని నలువదియేండ్ల ప్రాయమున హాలీవుడ్ హైస్కూలు వయోజన తరగతిలో చేరెను. మట్టి ఆమె చేతికి సులభముగా లొంగలేదు. చేతినేర్పు తనకు పుట్టుకతో రాలేదని ఆమెయే చెప్పుకొనెడిది. అందువలననే, 1938లో వియన్నా విడిచి లాస్ ఏంజిలిస్ చేరిన నాట్జ్లర్ దంపతులకు శిష్యురాలైనది. వారిలో గెర్ట్రూడ్ సారెపై పాత్రలు మలచునది, ఆటో గాజుపూతలు కలుపువాడు.

ఆమె సాధించిన తళుకు పైపై మెఱుగు కాదు. గాజుపూతలోనే లోహలవణములు కలిపి, కాల్పు తుదిదశలో ఆవమునకు గాలి తగ్గించి పొగ పుట్టించినచో, కొఱతపడిన ప్రాణవాయువును ఆ మంట పూతనుండియే లాగికొనగా, పాత్రపై కంటికి ఇంద్రధనుస్సువలె తోచు పలుచని లోహపుపొర నిలుచును. పొగ మితిమీరిన మసిబారును, చాలకున్న కాంతియే పుట్టదు. అట్టిదానిని పాళ్లు వ్రాసికొనక, చెడినవానిని మఱల కాల్చక, స్వేచ్ఛ యొక్కదానితో ఎట్లు పట్టుకొందువు?

1948లో ఆమె ఓహై లోయలో కృష్ణమూర్తిగారికి పొరుగున స్థిరపడెను. 1961లో మన దేశమునకు వచ్చిన పిదప చీరలే కట్టెను. నూఱేండ్లు నిండినను పని మానలేదు. సత్యవిషయమున ఎవ్వరికిని దాసి కాని ఆమె, సారెయొద్ద మాత్రము తెలిసినవారి చేతులను చూచి నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు.

కావున ఈ యేడు మీ ఆచార్యుడిచ్చిన పాళ్లను మార్పక చేసి, ఒక్కొక్క ఆవపు ఫలితమును పుస్తకమున వ్రాసియుంచుము. సంక్రాంతికి వచ్చునపుడు దానిని తెమ్ము. మసిబారిన పాత్రలను సైతము తెమ్ము, కలిసి చూతము.