వర్తకమున న్యాయమైన లాభమేది?

వర్తకము కూడ కాయకమే. ధాన్యమును దూరమునుండి తెచ్చి, నిలువచేసి, కావలసినవారికి అందించువాని శ్రమకు ప్రతిఫలము ఉండవలసినదే. అయితే కొనువానికి వేరొక అంగడి లేదని తెలిసి పెంచిన ధర ఏ శ్రమకు ప్రతిఫలము?

పట్టుబట్ట కొనుట వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చును. బిడ్డకు పాలు రేపటికి వాయిదా వేయరాదు. కావున ఆహారవస్తువులు అమ్మువాని బాధ్యత తక్కిన వర్తకుల బాధ్యతకన్న పెద్దది. ఊరిలో రెండు అంగళ్లున్నంతకాలము ఒకని ధరకు రెండవవాడు హద్దుగా నుండును. రెండును ఒకే యజమాని క్రిందికి వచ్చిననాడు ఆ హద్దు తొలగిపోవును.

ఈ ప్రశ్న ఇటీవల అమెరికాలో న్యాయస్థానము దాక వచ్చినది. అచ్చటి పెద్ద కిరాణా సంస్థలలో ఒకటైన క్రోగర్, తన పోటీదారైన ఆల్బర్ట్‌సన్స్‌ను సుమారు 2,460 కోట్ల డాలర్లకు కొనుటకు 2022 అక్టోబరులో ఒప్పందము చేసికొన్నది. దానిని ఆపవలెనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో దావా వేసినది. పాలు, గ్రుడ్ల విషయమున తమకు పెరిగిన ఖర్చుకన్న అమ్మకపు ధరలే ఎక్కువగా పెరిగినవని క్రోగర్ ధరల అధికారి వ్రాసిన లేఖ విచారణలో బయటపడినది.

సంస్థ వాదమును కూడ వినవలెను. వాల్‌మార్ట్ వంటి మహాసంస్థను ఎదుర్కొనుటకు తామును పెరుగవలెననియు, ధరలను 100 కోట్ల డాలర్ల మేర తగ్గింతుమనియు, 579 దుకాణములను వేరొకరికి అమ్మి పోటీని నిలుపుదుమనియు అది పలికినది. అయితే 2015లో ఆల్బర్ట్‌సన్స్, సేఫ్‌వే కలిసినప్పుడు ఇట్లే 146 దుకాణములను కొనిన హాగెన్ అను చిన్న సంస్థ ఆ ఏడే దివాలా తీసినది. పోటీదారు లేనిచోట, ఆదాయైన ఖర్చు కొనువానికి చేరుననుటకు యజమాని మాట తప్ప వేరు ఆధారము లేదు. 2024 డిసెంబరు 10న న్యాయస్థానము విలీనమును నిలిపివేసినది. మరునాడే ఆల్బర్ట్‌సన్స్ ఒప్పందమును విరమించుకొన్నది.

శాసనము రెండు అంగళ్లు ఒకటి గాకుండ ఆపగలదు. ఒక్క అంగడియే యున్న పల్లెలో, వరదకు దారులు తెగిన దినమున, ధరను నిర్ణయించునది వర్తకుని మనస్సే. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మన్నదని శరణుల చరిత్ర చెప్పుచున్నది. అది దొంగసొత్తు కాదు. నేల రాలిన గింజలే. అయినను అక్కరకు మించినది తమది కాదని ఆమె తలచినది. త్రాసు పట్టిన ప్రతి గృహస్థుడును, అదనపు రూపాయి పుచ్చుకొనుటకు ముందు, అది తన శ్రమవలన వచ్చుచున్నదా, ఎదుటివాని నిస్సహాయతవలన వచ్చుచున్నదా అని విచారించుకొనవలెను.