ఎవరును చూడని బెజ్జము



ఎడ్లబండి చక్రములో అతి ముఖ్యమైన పని బయటికి కనబడదు. బళ్లారి, ఆలూరు, ఆదోని సీమలలో పల్లె వడ్రంగి తుమ్మ మొద్దును బాడిసతో చెక్కి కుండ చేసేవాడు. ఉలితో బెజ్జములు తొలిచి, ఒక్కొక్క ఆకు కుసిని అందులో బిగించేవాడు. చివరకు, చక్రముకన్న కొంచెము చిన్నదిగా చేసిన ఇనుప కట్టును పిడకల మంటలో కాల్చి, తొడిగి, నీళ్లు పోసేవారు. చల్లారిన ఇనుము కుదించుకొని కీళ్లన్నిటిని బిగపట్టేది. లోపల బెజ్జము వదులైనా ఆ రోజు ఎవరికిని తెలియదు. ఎండలకు కట్టె ఎండి, బరువు మీద పడినప్పుడే తెలుస్తుంది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రములోనికి, మిగిలిన బళ్లారి జిల్లా మైసూరులోనికి వెళ్లినవి. సరిహద్దు మారినా బాడిస, ఉలి మారలేదు.

ఎవరును చూడని చోట ఆ వడ్రంగి సరిగా పని చేయుటకు కారణమేమి? ఊరి ఆయగాండ్రలో అతడొకడు. అతని కూలి కళ్లములో ధాన్యపు మేరగా వచ్చేది. వదులైన చక్రము తిరిగి అతని వాకిటికే వచ్చేది. అలాగైతే ఆ నమ్మకత్వము అతనిదా, అతనిని చూచుచున్న ఊరిదా?

ఆ ఊరిని మనము మరీ పొగడనక్కరలేదు. ఎడ్లకు తోలుపట్టెలు కుట్టినవారికిని మేర దక్కింది గాని గౌరవము దక్కలేదు. మన పితరులలో అనేకులు ఆ సంగతి ఎరుగుదురు. అయినను ఒకటి నిజము: వలస వచ్చిన మనకు ఆ కాపలా లేదు. మనము కట్టిన గోడ బీటలు వారే నాటికి మనము మరొక పనిచోట ఉంటాము. సిమెంటు తగ్గించి పైపూత పూసితే అడుగువారెవరు?

అందుచేత వలస మనలను పరీక్షించుచున్నది. చూచువారు లేనప్పుడు మిగిలినదే మన సొంత నమ్మకత్వము. మార్కు 6:3లో నజరేతువారు మన ప్రభువును వడ్లవాడని పిలిచిరి. బోధించుటకు ముందు ఆయన చేతులు పని ఎరిగినవి.

మనలో కొందరము ఇప్పుడు పని చేయించువారమైతిమి. తక్కువ కూలి ఇచ్చి, గడువు కుదించి, పనివానిని నమ్మకముగా ఉండుమనుట న్యాయమా? వాని చేత వదులు బెజ్జము తొలిపించినది మనమే అయినప్పుడు, దేవుని యెదుట లెక్క మనదే.

ఎవరును చూడని బెజ్జమును సరిగా తొలుచు కృప ప్రభువు మనకు దయచేయును గాక.