నర్సు చదువు – ఊరి ఋణము



కురుపాం ప్రాంతములో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చు దినములలో కొన్ని ఇండ్లలో ఒకే రీతి సంభాషణ జరుగుచుండును. బిడ్డ బై.పి.సి. తీసికొని ఉత్తీర్ణురాలైనది, డాక్టరు చదువునకు మార్కులు చాలలేదు. అప్పుడు ఎవరో ఒకరు నర్సింగు మాట తెత్తురు. తల్లి సరేననును, తండ్రి ఫీజు ఎంతయని అడుగును. సవర, జాతాపు కుటుంబములలోనైతే పెద్దలలో ఒకరు ఇంకొక ప్రశ్న వేయుట కలదు. చదువు ముగించి ఈ పిల్ల మన కొండకు వచ్చునా, పట్నములోనే నిలిచిపోవునా?

ఇది చిన్న ప్రశ్న కాదు. చదువుకొన్న బిడ్డ తన ఊరికి ఋణపడి యున్నదా? ఉన్నయెడల దానిని అడుగు హక్కు ఎవరిది? ఈ నెల దీనిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

ముందుగా ఆ చదువేదో తెలిసికొనుట మంచిది, ఏలయనగా సూదిమందు వేయు స్త్రీలందరిని మనము "నర్సమ్మ" అనియే పిలుచుచున్నాము. ఏ.ఎన్.ఎం. రెండేండ్ల శిక్షణ. జి.ఎన్.ఎం. మూడేండ్లది. బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్ల పట్టపు చదువు. దానిలో చేరుటకు పదునేడేండ్లు నిండియుండవలెను. భౌతిక, రసాయన, జీవశాస్త్రములతోను ఇంగ్లీషుతోను ఇంటర్ ప్యాసు కావలెను. కనీసపు మార్కులు సామాన్యులకు 45 శాతము, షెడ్యూల్డు కులములకు, తెగలకు 40 శాతము. శరీర నిర్మాణశాస్త్రముతో మొదలై, సూక్ష్మజీవులు, మందులు, ప్రసూతి, శిశుపోషణ, మానసిక రోగులు, గ్రామారోగ్యము, తుదకు పరిశోధనయు గణాంకములును నేర్పుదురు. వార్డులో నిలువుకాళ్లపై గడుపు గంటలు వేరు. మన దేశములో ఈ పట్టపు చదువు 1946లో మొదలైనది. ఢిల్లీలోను, ఐడా స్కడరమ్మగారు స్థాపించిన వేలూరు ఆసుపత్రిలోను ఆ యేడే ప్రారంభించిరి. అదే సంవత్సరము భోర్ కమిటీవారు తమ నివేదికలో, దేశములో 43,000 మంది జనమునకు ఒక్క నర్సు మాత్రమే యున్నదని లెక్క చూపిరి.

"సేవ చేయుటకు పట్టమెందుకు? హృదయముంటే చాలదా?" అని భక్తిపరులు కొందరు అడుగుదురు. ఇదియు పాత ప్రశ్నయే. జర్మనీ దేశమున కైసర్స్‌వర్తులో పాస్టరు ఫ్లీడ్నరుగారు 1836లో పరిచారికల గృహమును స్థాపించిరి. ఫ్లోరెన్సు నైటింగేలు 1851లో అక్కడ నేర్చుకొని, 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయము నెలకొల్పెను. అట్టి ఆమెయే, నర్సులకు పరీక్షపెట్టి వారి పేర్లు రిజిస్టరులో వ్రాయవలెనను ఉద్యమము లేచినప్పుడు దానిని గట్టిగా ఎదిరించెను. గుణము పరీక్షకు దొరకదని ఆమె వాదము. ఎథెల్ బెడ్‌ఫోర్డు ఫెన్విక్కు అనునామె ఎదుటి పక్షమున నిలిచి ముప్పది యేండ్లకు పైగా పోరాడగా, ఇంగ్లండులో 1919లో రిజిస్టరు చట్టమైనది. నైటింగేలు మాటలో సత్యము లేకపోలేదు. అయినను నేను రెండవ ఆమె పక్షమే. మంచముపైనున్న రోగి తన దగ్గరకు వచ్చినామె గుణమును ఎట్లు పరీక్షించును? ఆమె నేర్చినదని ఒకరు సాక్ష్యమిచ్చిన కాగితమే అతనికి రక్ష. దయగల చేయియే మందు మోతాదు తప్పినయెడల, ఆ దయ బిడ్డను బ్రదికింపదు.

ఇప్పుడు మన కొండల సంగతి చూడుడి. 2022 ఏప్రిలులో పార్వతీపురము మన్యము జిల్లాగా ఏర్పడినది, పేరులోనే మన్యమున్నది. గిరిశిఖర గ్రామములనుండి రోగిని డోలీ కట్టి మోసికొని దిగుట పత్రికలలో మనము చదువుచునే యున్నాము. 2018లో ఐ.టి.డి.ఎ. వారు సాలూరులోను, పిమ్మట గుమ్మలక్ష్మీపురములోను గర్భిణీ స్త్రీలకు వసతి గృహములు తెరచి, కొండమీది తల్లులు నెలలు నిండకముందే దిగివచ్చి అక్కడ ఉండునట్లు ఏర్పాటు చేసిరి. మంచి తలంపు. అయితే అట్టి చోట తల్లికి అన్నము, మంచము మాత్రమే చాలవు. తలనొప్పి, కాళ్లవాపు, కన్నులు మసకలు అని ఆమె చెప్పగానే రక్తపోటు చూచి, ఇది గుర్రపువాతమునకు దారితీయునని గ్రహించి, ఆ రాత్రియే పెద్ద ఆసుపత్రికి పంపవలెనని నిశ్చయించు కన్ను కావలెను. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల పాఠశాలలో అనేకమంది పిల్లలకు పచ్చకామెర్లు సోకి, వారు పార్వతీపురము, విశాఖపట్నము ఆసుపత్రులలో చేరవలసి వచ్చినది. ఒక పిల్ల అన్నము సహింపదని కంచము త్రోసివేసిన దినముననే ఆమె కంటి తెల్లగ్రుడ్డును చూచువారుండుట, త్రాగు నీటినిగూర్చి అదే పూట అడుగువారుండుట – నర్సు చదువు నేర్పునది ఇదియే. గిరిజన జనములలో కనబడు సికిల్ సెల్ రక్తహీనతను నిర్మూలించుటకు 2023లో దేశమంతట కార్యక్రమము ప్రారంభమైనది. బిడ్డ ఒళ్లునొప్పులని ఏడ్చుచుండగా సోమరితనమని గద్దింపక రక్తపరీక్షకు పంపువారెవరు?

ఇంకొక మార్పు వచ్చినది. 2018 నుండి ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద గ్రామ ఉపకేంద్రములలో నర్సింగు పట్టభద్రులను ఆరోగ్యాధికారులుగా నియమించుచున్నారు. మన రాష్ట్రములో వారిని ఎం.ఎల్.హెచ్.పి. అందురు. పట్నపు వార్డులో నర్సు డాక్టరు వ్రాసిన చీటీ చూచి మందిచ్చును. ఉపకేంద్రములో ఆమె ఎదుట కూర్చుండిన రోగికిని ఆమెకును మధ్య డాక్టరు లేడు. ఇక్కడ ఉంచవలెనా, పంపవలెనా? ఆ నిర్ణయము ఆమెదే. ఫోనులో డాక్టరును అడుగవచ్చును గాని, ఏమి అడుగవలెనో ఆమెకు తెలియవలెను గదా.

ఆ రోగి ముదుసలి సవర స్త్రీయైన యెడల మరియొక కష్టము. సవరభాష మన తెలుగు కుటుంబములోనిది కాదు, ముండా కుటుంబములోనిది. సంతలో ఉప్పు బేరము చేయుటకు ఆమెకు తెలుగు వచ్చును. కడుపులో నొప్పి పొడిచినట్లున్నదా, మండినట్లున్నదా, మెలిపెట్టినట్లున్నదా అని చెప్పుటకు రాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగానుండిన గిడుగు రామమూర్తిగారు ఈ కష్టమును చదువు విషయములో ఎరిగిరి. సవరపిల్లలకు బోధింపవలెనని తానే ఆ భాష నేర్చి, వాచకములు కూర్చి, 1931లో వ్యాకరణము, 1938లో నిఘంటువు ప్రకటించిరి. కొండలలో తిరుగుటవలన జ్వరము తగిలి, దానికి పుచ్చుకొనిన క్వినైనువలన వారి వినికిడి చెడెను. వాడుకభాష కొరకు జీవితమంతయు పోరాడిన ఆయనను ఇట్టి గ్రాంథికపు వాసనగల పేజీలో స్మరించినందుకు ఆయన నవ్వియుందురు! కాని ఆయన పడిన శ్రమ లేకయే, తల్లి ఒడిలో నేర్చిన మాటలతో నొప్పినిగూర్చి అడుగగల నర్సు సవరబిడ్డయే.

కావున ఆమె తిరిగి వచ్చుట మేలు. కాని మేలైన ప్రతి పనియు ఒకరిమీద ఋణమగునా? నా సందేహమంతయు ఇక్కడనే.

ఇంజనీరింగు చదివిన మన కుఱ్ఱవాడు హైదరాబాదులో ఉద్యోగము సంపాదించినయెడల ఊరంతయు మిఠాయి పంచుకొందుము. అతడు కురుపామునకు వచ్చి రోడ్డు వేయవలెనని ఎవరును అడుగరు. మైదానపు డాక్టరుబాబు కొండమీద రెండేండ్లు పని చేసి వెళ్లిపోయినయెడల, అంతకాలమున్నందుకే దండవేసి సాగనంపుదుము. ఈ పిల్లను మాత్రము జీవితమంతయు అడుగుచున్నాము. ఏల? ఆమె ఆడపిల్ల యగుటవలన. ఆమె పనికి మనము "సేవ" అని పేరు పెట్టుటవలన. పరిచర్య అను మాటను పాదిరికిని నర్సుకును కూడ వాడుదురు గనుక ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలియును. దానిని చూపి జీతము తగ్గించుట ఎంత సులభమో అదియు తెలియును. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల స్థితిని విచారించుమని 2016లో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించగా ఏర్పడిన కమిటీవారు, ఏబది పడకలకు లోపున్న ఆసుపత్రిలోనైనను నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసిరి. అట్టి మాట ఒక కమిటీచేత చెప్పింపవలసి వచ్చినదనగా, లోగడ ఇచ్చుచుండినది ఎంతయో ఊహించుకొనుడి.

మంచి సమరయుని కథ మనకందరికి కంఠపాఠమే. కాని ఆ కథలో పూటకూళ్ల యింటివానినిగూర్చి ప్రసంగించినవారిని నేను ఎక్కువగా వినలేదు. సమరయుడు గాయములు కట్టి, తన వాహనముపై ఎక్కించి తెచ్చి, ఒక రాత్రి చూచుకొని, మరునాడు తన దారిన తాను పోయెను. గాయపడినవాడు లేచి నడుచువరకు వానికి నీళ్లు కాచి, కట్లు మార్చి, రాత్రివేళ మూలిగినప్పుడు లేచినదెవరు? ఆ యింటివాడే గదా. అతడు కూలి పుచ్చుకొనెను. రెండు దేనారములు ముందుగా ముట్టినవి, ఎక్కువైనది తిరిగి వచ్చునప్పుడు ఇచ్చెదనని మాట కూడ పొందెను. కూలి పుచ్చుకొన్నందుకు ప్రభువు అతని పరిచర్యను తక్కువ చేసి చెప్పలేదు. వెళ్లిపోయినందుకు సమరయుని నిందింపనులేదు. దయ చూపినవాడు ఖర్చు భరించెను, నిలిచి చూచినవాడు కూలి తీసికొనెను. మనమైతే తరచుగా దయను మన పేర వ్రాసికొని, నిలుచు పనిని ఖర్చుతో కూడ ఆ పిల్లమీద మోపుచున్నాము.

అసలు ఆమె ఎవరికి ఋణపడినది? జీడిమామిడి పంట డబ్బు ఫీజునకు కట్టిన తండ్రికి. తమ్ముళ్లను చూచుకొనుటకు బడి మానివేసిన అక్కకు. ఉపకారవేతనమిచ్చిన ప్రభుత్వమునకు కొంత, అదియు ఆ ప్రభుత్వము వ్రాసిన షరతుల మేరకు. ఈ ఋణములకు పేర్లున్నవి, కొలతలున్నవి. పట్నములో ఉద్యోగము చేసి డబ్బు పంపియు వీనిని తీర్చవచ్చును. 1960ల కాలమున కేరళ కతోలిక కుటుంబములనుండి చిన్న వయస్సు పిల్లలు గుంపులుగా జర్మనీకి నర్సులుగా వెళ్లిరి. వారు పంపిన సొమ్ముతో ఎన్ని ఇండ్లు లేచినవో, ఎందరు చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవో ఆ దేశము వెళ్లి అడుగవచ్చును. నేడు మన తెలుగుబిడ్డలు గల్ఫునకు, బ్రిటనునకు పోవుచున్నారు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థలోని దేశములు దీనినిగూర్చి ఒక నియమావళి ఒప్పుకొనిరి. వైద్యసిబ్బంది కొరతతో బాధపడు దేశములనుండి నర్సులను, డాక్టర్లను ఏరికొని పోవద్దని అందులో చెప్పిరి. ఆ మాట ధనిక దేశములకు చెప్పినది. పోగోరు నర్సు కాళ్లకు సంకెల వేయుమని చెప్పలేదు. బరువు ఎవరిమీద పెట్టిరో గమనించుడి.

ఈ వాదమంతయు ఒక పెద్దాయన ఎదుట నేను చెప్పగా ఆయన నిదానముగా విని, "అయ్యగారూ, మేము కరెంటు లేని దినములలో కూడ ఇక్కడే బ్రదికితిమి. అది మా పిల్ల. మా పిల్లనే పిలువకూడదా?" అనెను. ఆయన మాటను త్రోసివేయుటకు నాకు చేతకాలేదు. పరాయివారు ఎవరును రారని ఎరిగినవాని మాట అది. పిలువవచ్చును. కాని అప్పు వసూలు చేయువాని రీతిగా కాదు, పిలిచినప్పుడు రానని చెప్పుటకును ఆమెకు చోటుంచి పిలువవలెను. ఆమెయు, కొండకు వచ్చెదనని ఊరక ఆశపెట్టి సీటు సంపాదించుట తగదు. వచ్చుటకు మనస్సు లేనియెడల ముందే చెప్పవలెను. ఈ నిజాయితీ మాత్రము ఆమె ఊరికి నిజముగా అచ్చియున్నది.

పిలుచువారు ఏమి సిద్ధపరచితిరి? ఉపకేంద్రము పక్కన లోపల గడియపడు తలుపుగల గది, దీపము, నీళ్లు, స్నానపుగది ఉన్నవా? త్రాగి వచ్చి అర్ధరాత్రి తలుపు కొట్టువానిని ఆపు మగవాడొకడు ఊరిలో ఉన్నాడా? మందుల పెట్టె ఖాళీయైనప్పుడు ఆమె తరఫున మండలాఫీసుకు పోయి అడుగువారెవరు? ఈ కొలువులు ఒప్పందపు కొలువులుగా ఉండుటయు ఆమె భయములలో ఒకటి. ఊరిపెద్దలు, సంఘపెద్దలు కలిసి అర్జీ వ్రాయుటకు ఇది తగిన సంగతి. రోడ్డు కొరకు ఎన్ని అర్జీలు వ్రాసితిమో దీనికొరకును అన్ని వ్రాయవచ్చును.

చేరబోవు పిల్లలకు మరి రెండు మాటలు. తెలుగు మాధ్యమములో చదివిన ఆశ్రమ పాఠశాల పిల్లలకు మొదటి సంవత్సరములో అడ్డుపడునది రక్తము చూచిన భయము కాదు, ఇంగ్లీషు పుస్తకము. ఫలితములు వచ్చిన దినమునుండి తరగతులు ఆరంభమగువరకు మధ్య కొన్ని వారములు ఖాళీగా పోవుచున్నవి. కురుపాములోను పార్వతీపురములోను విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయులున్నారు. సాయంకాలము ఒక గంట శరీరభాగముల పేర్లు, మందుచీటీలోని మాటలు చదివించిన చాలును. ఇక దళారి మాట నమ్మి ఫీజు కట్టవద్దు. ఆ కళాశాలకు నర్సింగు కౌన్సిలు గుర్తింపు ఈ సంవత్సరమునకు ఉన్నదా, విద్యార్థులను శిక్షణకు పంపు ఆసుపత్రి ఏది, అందులో రోగులు నిజముగా ఉన్నారా అని ముందు విచారించుడి. వీలైన యెడల తండ్రియో అన్నయో ఒకసారి బస్సెక్కి పోయి, ఆ ఆసుపత్రి వార్డులో మంచములపై మనుష్యులున్నారో లేదో కన్నులార చూచి రావలెను.