బొంతలో లేని ముక్క

పోయిన నెల ఆఫీసులో ఒకమ్మాయి సీమంతానికి అందరం కలిసి ఉన్ని ఉండలు చేశాం. రంగురంగుల గొర్రె ఉన్ని, వేడి సబ్బునీళ్ళు, అరచేతులు, అంతే. రుద్దుతూ పోతే ఉన్ని పోగుల మీదుండే సన్నటి పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. ఇక విడదీయలేం. పద్నాలుగు మందిమి చేసిన ఉండల్ని దారానికి గుచ్చి, ఉయ్యాల మీద వేలాడదీసుకోమని ఇచ్చాం. "ఏది ఎవరు చేశారో తెలీట్లేదు, అందరిదీ" అని తను కళ్ళు తుడుచుకుంది. నాకేమో మా ఊరి బొంత గుర్తొచ్చింది.

మా వైపు ఉన్ని లేదు. తెలంగాణలో దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు గొంగళ్ళు నేస్తారు. మాకు దగ్గర్లోని నెల్లూరు గొర్రెకి ఉండేది వెంట్రుకే. చిలకలూరిపేట, పర్చూరు మధ్య నల్లరేగడిలో పండేవి పత్తీ, మిరపా. కాబట్టి మాకు పదిమంది కూచుని చేసే కానుకంటే బొంత. పాత పంచెలూ చీరలూ పొరలుగా పరిచి, పైన ఒక్కో ఇంటి నుంచీ వచ్చిన ముక్క వేసి, చుట్టూ తిరుగుతూ కుట్టుకొస్తారు. పసిబిడ్డకి పాతబట్టే మెత్తన. పదిళ్ళ బట్ట తగిలితే ఆయుష్షని మా అమ్మమ్మ నమ్మకం.

నాలుగేళ్ళ క్రితం అక్క కొడుకు కోసం మా వసారాలో బొంత కుట్టారు. మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్నాయి, గాలి తిరిగినప్పుడల్లా అందరం తుమ్ముతున్నాం. పదకొండు మంది ఆడవాళ్ళు. నా పని సూదుల్లోకి దారం ఎక్కించడం. మా చేలో కోతకొచ్చే ఆమె పల్లె నుంచి వచ్చింది (ఆ మాటకి మా వైపు అర్థమేమిటో చెప్పక్కర్లేదనుకుంటా). చిలకపచ్చ చీరముక్క, ఉతికి మడతపెట్టి తెచ్చింది. "మా బాబు బొంతలోకమ్మా" అంది. "అక్కడ పెట్టి పో" అంది అమ్మమ్మ. ఆమె గడప బయట పెట్టి వెళ్ళింది. బొంత పూర్తయింది, పచ్చముక్క అక్కడే ఉంది. అందరూ చూశారు, నేనూ చూశాను. దారం ఎక్కిస్తూనే ఉన్నాను. వారం తర్వాత అది వంటింట్లో మసిగుడ్డయింది.

అమ్మమ్మ చెడ్డమనిషి కాదు. ఆమెకి జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు పెట్టింది. ఏటా సంక్రాంతికి మా పాతచీరలు ఆమె ఇంటికి పోతాయి. ఆమె పిల్లలు కప్పుకునే బొంతలన్నీ మా బట్టలే. అటు పోతే దయ. ఇటు రాబోతే గడప అడ్డం.

ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో కానుక మీద రాసిన వ్యాసంలో మూడు బాధ్యతలు చెప్పాడు: ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం. మనం మొదటిదాని గురించే తెగ మాట్లాడుకుంటాం. నాకు రెండోదే కష్టమైనదనిపిస్తుంది. ఇచ్చేటప్పుడు మనం కాస్త ఎత్తులో ఉంటాం. పుచ్చుకోవాలంటే చెయ్యి చాపాలి, ఆ మనిషికి మన మీద ఓ చిన్న హక్కు ఒప్పుకోవాలి. అమ్మమ్మ డబ్బు ఇవ్వగలిగింది, ఆ హక్కు ఇవ్వలేకపోయింది.

మరి ఆ బొంత మంచి కానుకేనా? మావాడు ఇప్పటికీ అది లేకపోతే నిద్రపోడు. ఆ పదకొండు మంది ప్రేమ అబద్ధమని అనలేను. కానీ "ఊరంతా కలిసి కుట్టారు" అని అక్క చెప్తున్నప్పుడల్లా లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతాను.

"అది మీ అమ్మమ్మ తరంలే" అంది స్నేహితురాలు. నేనూ అలాగే అనుకునేదాన్ని. సీమంతం ఫోటోలు చూసుకుంటుంటే ఒకదాని అంచులో మా హౌస్‌కీపింగ్ ఆవిడ కనిపించింది. వేడినీళ్ళు తెచ్చిందీ, చివర్లో బల్ల తుడిచిందీ ఆవిడే. చేతికి ఓ ఉన్ని ముద్ద ఇద్దామని పద్నాలుగు మందిలో ఒక్కరికీ తోచలేదు. బొంతలో ప్రతి ముక్కకీ ఇంటిపేరు ఉంటుంది గనక ఏది లేదో తెలిసిపోతుంది. ఉన్ని ఉండల్లో అదీ తెలీదు.

ఈ సంక్రాంతికి ఊరెళితే ఆమె చేలో పండుకాయ కోస్తోంది. నడుం ఎత్తి, "బాబు బడికి పోతన్నాడా అమ్మాయిగోరూ? బొంత ఉందా ఇంకా?" అంది. ఉందన్నాను.

"నా పచ్చముక్క ఏపక్కకొచ్చింది?"

"తలకాడ" అన్నాను.