కాపలా వెళ్ళిన తరువాత



ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశస్థులు 1977 నుండి పదిహేనేళ్ళు తమలో తాము చంపుకున్నారు. బెయిరా అగ్రపీఠాధిపతి జైమే గొన్సాల్వెస్, రోమాపురిలోని సాంత్ ఎజీదియో సమాజంవారు, మరికొందరు ఉభయులనూ కూర్చోబెట్టి మాట్లాడగా, 1992 అక్టోబరు 4న, పునీత అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగనాడు, సంధి కుదిరింది. ఐక్యరాజ్య సమితి సైన్యం కాపలాకు వచ్చింది. అందులో మన భారత సైనికులూ ఉన్నారు. 1994లో ఎన్నికలు జరిగాయి. 1995 మొదట్లో ఆ సైన్యం వెళ్ళిపోయింది.

వెళ్ళడం మంచిదే. పరాయివాడి తుపాకీ నీడలో ఎన్నాళ్ళని బ్రతుకుతారు? 1995లోనే అక్కడి క్రైస్తవ సంఘాలు, ఆయుధం తెచ్చి అప్పగించినవారికి పారలు, కుట్టుమిషన్లు, సైకిళ్ళు ఇవ్వసాగాయి. యెషయా ప్రవక్త దర్శనం కళ్ళకు కట్టింది. అయినా ఒక పక్షం కొందరు సాయుధులను అట్టే ఉంచుకుంది. 2013లో మళ్ళీ కాల్పులు! 2019లో మరో ఒప్పందం జరిగితే, 2023లో గాని వారి చివరి స్థావరం మూతపడలేదు.

ప్రియులారా, మీ గట్టు తగాదాను పెద్దలో, గురువులో వచ్చి సర్దిచెప్పి వెళ్తారు. వారు గడప దాటాక మీ మనసు అటక మీద ఏమి మిగిలి ఉంది? ఈ ఆదివారం బలిపీఠాన్ని సమీపించకముందే దానిని దించి, మీ సహోదరుని ఇంటికి వెళ్ళండి. ప్రభువు సమాధానం మీకు తోడైయుండునుగాక!