చిన్న అడుగే కొలమానం

పిల్లలతో, పెంపుడు కుక్కతో కలిసి కుటుంబమంతా కొన్ని రోజులపాటు కాలినడకన సాగించే విహారయాత్రలో, రోజుకు ఎంత దూరం నడవాలన్నది పెద్దల బలాన్ని బట్టి కాక, అందరికంటే చిన్నవారి ఓపికను బట్టి నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు, హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి దూరం సుమారు 25 కిలోమీటర్లే అయినా, 65వ నంబరు జాతీయ రహదారి సరుకు లారీలతో, పారిశ్రామికవాడల రాకపోకలతో నిండి ఉంటుంది కనుక, ఆ భాగాన్ని బస్సులోనో కారులోనో దాటి, సంగారెడ్డి దగ్గరి పల్లెదారుల్లో నడక మొదలుపెట్టడం వివేకం. కాలిబాట లేనిచోట, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడిపక్కన నడవాలి.

ఈ ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థజలాలతో కలుషితమైన నక్కవాగు వంటి ప్రవాహాల నీటిని మనుషులే కాదు, కుక్క కూడా ముట్టరాదు కాబట్టి తాగునీరు వెంట ఉండాలి. సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యం, అంటే వన్యప్రాణులకు చట్టం రక్షణ కల్పించిన ప్రాంతం, మొసళ్లకు నెలవు. అక్కడ పిల్లలను నీటి అంచుకు పోనివ్వరాదు, కుక్కను లోపలికి తీసుకుపోరాదు. కుక్కకు రేబిస్ టీకా ముందే వేయించాలి. అది ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది గనుక, ఎండ ముదరకముందే ఆనాటి నడక ముగించాలి.

మహాభారతంలో పాండవుల చివరి యాత్ర అయిన మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. ఎంత దూరం నడిచామన్నది కాక, తోడు వచ్చిన ప్రతి ప్రాణినీ క్షేమంగా ఇంటికి చేర్చడమే యాత్రాధర్మమని ప్రతి కుటుంబమూ గుర్తించాలి.